ఆముదంలో ఉక్కు గుండ్లు

మొన్న పంజగుట్టలో ఒక సూపర్‌మార్కెట్లో ఆముదం సీసా తీసి తలకిందులు చేశాను. మూత దగ్గరి గాలిబుడగ తీరిగ్గా పైకి బయలుదేరింది. దాన్నే చూస్తూ దారికి అడ్డంగా నిలబడిపోయాను. "అన్నా, కొంటవా, చూస్తనే ఉంటవా? జర జరుగు," అని వెనక నుంచి ఎవరో విసుక్కున్నారు. నెత్తిమీద నాలుగు వెంట్రుకలు లేనివాడికి ఆముదమెందుకని అతని అనుమానం కాబోలు. నాకు మా వదిన గుర్తొచ్చింది. సీసా కొనకుండానే బయటికొచ్చాను.

అప్పట్లో మధురానగర్‌లో అమ్మా, అన్నా, వదినా, నేనూ ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. వదిన ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పేది. కంప్యూటర్ కోర్సుల బోర్డులతో కిక్కిరిసిన అమీర్‌పేట సందుల్లోంచి రోజూ కాలేజీకి నడిచి వెళ్ళేది. ఏ ప్రయోగమైనా ముందు ఇంట్లో చేసి చూసుకోవడం ఆమె అలవాటు. పొడుగాటి గాజు జాడీ నిండా ఆముదం పోసి, పైనొక దారం, కిందొక దారం కట్టి, సైకిల్ బేరింగులోని చిన్న ఉక్కు గుండ్లను ఒక్కొక్కటే జారవిడిచేది. ఒక దారం నుంచి ఇంకో దారానికి ఎంతసేపట్లో దిగిందో చూస్తే నూనె చిక్కదనం తెలుస్తుందట. పక్కన కూర్చుని స్టాప్‌వాచ్ నొక్కడం అన్న పని. "నెత్తికి రాసే నూనెకు గింత చదువా?" అని వేళాకోళమాడేవాడు.

అన్న ఒకరోజు ఆఫీసుకని బయలుదేరి మెట్రో మెట్ల మీద కూలిపోయాడు. దినాలు అయిపోయాయి, చుట్టాలు వెళ్ళిపోయారు. వదిన ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు, అన్న మాట ఎత్తలేదు. అన్నం వండింది, బట్టలు మడిచింది, అన్న చొక్కాలు కూడా ఇస్త్రీకి పంపింది. అమ్మకు భయం పట్టుకుంది. "గిట్ల మొద్దుబారి కూసుంటే మనిషి దక్కదు బిడ్డా. జర మాట్లాడియ్యి," అని నా వెంటపడింది. నేనేం మాట్లాడిస్తాను? నాకూ నోట్లో ముద్ద ఉప్పో చప్పో తెలియడం లేదు.

ఆ ఆదివారం పొద్దున జాడీ మళ్ళీ బల్ల మీదికి వచ్చింది. "పరీక్షలున్నయి. నువ్వు వాచీ పట్టుకో," అంది వదిన. గుండ్లు మొదట కాస్త తొందరపడి, ఆ తర్వాత ఒకే వేగంతో దిగుతున్నాయి. సాయం చేద్దామని ఒకటి నేనే వేశాను. ముందు నూనెలో తడిపి వేయాలని నాకేం తెలుసు? పొడి గుండుకు గాలిబుడగ అంటుకుని అది నత్తనడక పట్టింది.

"తడుపకుండ ఏసినవా?" అంది.

"తీసెయ్యాల్నా వదినా?"

"ఉండనీ. మెల్లగ పోయినా అడుక్కే పోతది."

అమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ముగ్గురం ఆ ఒక్క గుండునే చూస్తున్నాం. చివరికి అడుగు తాకింది. వదిన జాడీ మీంచి కళ్ళు తీయకుండానే అడిగింది. "మీ అన్న పోయి ఎన్ని దినాలాయె?"

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేమంతా అప్పటిదాకా రోజులు లెక్కపెట్టుకుంటూ వచ్చాం. వదినకు మాత్రం అదే మొదటి రోజు.