గట్టిగా చదవమన్న వార్త

రాయడం నీకు ఎప్పుడు వచ్చిందని ఎవరన్నా అడిగితే, మా మామ ఎద్దులు అమ్ముకున్న ఏడు వచ్చిందని చెప్పల్ల. ఇన్నేండ్లూ చెప్పలేదు. సిగ్గు.

రెండువేల సంవత్సరం దాటి రెండు మూడేండ్లయింటుంది. రాయదుర్గం పక్క ఒక పేపరుకు విలేకరిని నేను. రోజూ కరువు మీద ఒక వార్త రాసి అనంతపురానికి పంపేవాణ్ణి. 'వర్షాభావ పరిస్థితుల నేపథ్యంలో రైతాంగం తీవ్ర ఇబ్బందులు ఎదుర్కొంటోంది.' ఇదీ నా రాత. ఊరి పేరు మారిస్తే ఎక్కడికైనా సరిపోయేది. డెస్కులో ఉన్న సబ్ ఎడిటరు ఒకరోజు ఫోన్లో దులిపేసినాడు.

"ఏమప్పా, రైతాంగం అంటే ఎవరు? దానికి మొగం ఉండాదా? ఒక్క మనిషిని చూపించు. చివరి మాట చదివితే చేతిలో టీ గ్లాసు ఆగిపోవల్ల."

ఎస్టీడీ బూతులో నలుగురి ముందర నాకు తల కొట్టేసినట్టయింది. కానీ ఆయప్ప చెప్పింది నిజమే.

ఆ వారమే మా మామ, అంటే మా అమ్మ తమ్ముడు, కాడెద్దులను సంతకు తోలుకొని పోయినాడు. తోడుగా నేనూ పోయినా. రెండేండ్లుగా శెనక్కాయ పంట లేదు, ఎద్దులకు మేతగా వేసేదానికి శెనక్కట్టె లేదు. మా పక్క ఎద్దుల బేరం నోటితో జరగదు. దళారి చేతుల మీద తుండుగుడ్డ కప్పి, దాని కింద వేళ్లు పట్టుకొని ధర తేలుస్తాడు. ఆ పొద్దు గుడ్డ కింద మామ వేళ్లు చానాసేపు కదల్లేదు. ఎద్దులను ఎక్కించుకున్న లారీ యాడికి పోతాందో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. కరువు ఏడాదిలో సంత నుంచి వచ్చినోణ్ణి "ఎవరికిచ్చినావు?" అని మా ఊర్లలో ఎవరూ అడగరు. ఎండ గురించి అడుగుతారు, బస్సు దొరికిందా అని అడుగుతారు. అంతే మర్యాద.

మా అత్త ఒక్కతే అడిగింది. దూడలప్పటి నుంచి సాకింది ఆమె.

"కర్ణాటక పక్క రైతుకిచ్చినా. బోరుండాదంట, పచ్చిగడ్డి ఉండాదంట" అన్నాడు మామ, కాళ్లు కడుక్కుంటా.

"యాడున్నా వాటి కడుపు నిండితే చాల్లే" అని కండ్లు తుడుచుకొని ఇద్దరికీ సంగటి పెట్టింది. నేను ఆ సంగటి తిని, ఇంటికి పోయి, వార్త రాసినా.

ఆ పొద్దు వచ్చింది చూడండి రాత! కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టు రాసినా. గుడ్డ కింద కదలని వేళ్లు రాసినా, మేత వేసే ఖాళీ గాడి దగ్గర పడున్న పగ్గాలు రాసినా. చివర్లో ఒక్క ముక్క: 'రైతుకు అమ్మినానని ఇంట్లో చెప్పాడు. లారీ కసాయిఖానా దారి పట్టింది.' మామ పేరు తీసేసినాను కదా అని నా ధైర్యం. పేరు తీసేస్తే ఏమైతుంది, నా మొగం! వార్తలో ఊరి పేరు ఉండాది. ఆ వారం ఆ ఊర్లో ఎద్దులు అమ్మింది మా మామ ఒక్కడే.

మొదటి పేజీలో బాక్సు కట్టి వేసినారు. సబ్ ఎడిటరు ఫోన్ చేసి "ఇప్పుడు విలేకరివైనావు పో" అన్నాడు. పొంగిపోయినా. పేపరు చంకలో పెట్టుకొని నేరుగా మామ ఇంటికే పోయినా, చూపించేదానికి! ఎంత బుద్ధిలేని పని. మామ అరుగు మీద కూర్చోనుండాడు. ఆయనకు చదువు రాదు. మొగం చూస్తేనే అర్థమైపోయింది, టీ హోటల్లో ఎవరో అప్పటికే చదివి వినిపించినారు.

తిట్టలేదు. తిట్టింటే బాగుండు.

"రా అల్లుడా. నా గురించి రాసినావంట కదా, చదువు" అన్నాడు. వంటింటి పక్క ఒకసారి చూసి గొంతు తగ్గించినాడు. "గట్టిగా చదువు. మీ అత్తకు ఎవరో ఏమో చెప్పినారంట, పొద్దున్నుంచి ముద్ద ముట్టలేదు. నువ్వు చదివితే నా మాట నమ్ముతాది."

చంకలో పేపరు తీసి విప్పినా. గట్టిగానే చదివినా. చివరికొచ్చేసరికి కాగితం మీద ఉండేది ఒకటి, నేను చదివింది ఒకటి. 'ఆ ఎద్దులను ఒక రైతు కొన్నాడు. ఆయన బోరు కింద గడ్డి పచ్చగా ఉంది' అని చదివినా. మామ కండ్లు మూసుకొని విన్నాడు.

అత్త గడప దగ్గరికి వచ్చింది. "ఏ ఊరని రాసినావప్పా?"

మామ నా పక్క చూడలేదు.

"మొలకాల్మూరు పక్క, అత్తా" అన్నా.

"దగ్గరే కదా! వానలు పడినాక ఒగసారి నన్ను పిల్చుకొని పో. దూరం నుంచే చూసొస్తా. మీ మామకు తీరికుండదు, నువ్వే రావల్ల."

"సరే అత్తా" అన్నా. అప్పుడు పోయి అన్నం పెట్టుకుంది.

ఆ వార్త చూసే నాకు అనంతపురం డెస్కులో ఉద్యోగం ఇచ్చినారు. కొత్తగా వచ్చే విలేకరులకు నేనూ అదే చెప్పేవాణ్ణి, ఒక్క మనిషిని చూపించండి అని. ఆ మనిషి ఇంట్లో ఎవరుండారో ముందు చూసుకోండని చెప్పేదానికి మాత్రం నోరు రాలేదు. చెప్తే, 'ఎందుకు అన్నా?' అని అడుగుతారు.

మరుసటి ఏడు వానలు బాగా పడినాయి. ఏరువాక ముందర మామ బూతు నుంచి అనంతపురంలో నా రూముకు ఫోన్ చేసినాడు. "మీ అత్త చీర తీసి పెట్టుకోనుండాది. ఏం చెప్పమంటావు?"

"ఆఫీసులో పని ఉండాదని చెప్పు మామా" అన్నా.

ఆ పొద్దు నాకు సెలవు.