చాచా వరఖు, నా పరమాణువు

మా చిన్నప్పుడు... కార్వాన్ బస్తీలో మా మిఠాయి దుకాణం వెనక వాకిట్లో పొద్దస్తమానం సుత్తి చప్పుడే. మా బర్ఫీల మీద అంటించే వరఖు, అదే వెండి రేకు, గౌస్ చాచా అక్కడే కొట్టేవాడు. తోలు పొరల పుస్తకంలో పొరకో వెండి ముక్క పెట్టి, మూసి, పూటంతా కొట్టడమే పని.

"ఇంకా కొడితే ఇంకా పల్చగైతదా చాచా?"

"అయితది బేటీ... గానీ ఒక హద్దు ఉంటది. అది దాటితే రేకు ఉండదు, వేలికి మెరుపే మిగుల్తది."

ఆ వారమే ఏడో తరగతిలో టీచరమ్మ దాదాపు అదే చెప్పింది. దేన్నైనా విడదీసుకుంటూ పోతే ఇక విడదీయలేని పరమాణువు దగ్గర ఆగుతామట. రాయైనా, రక్తమైనా, దేవుడి విగ్రహమైనా అంతేనట!

నాకు ఒళ్ళు మండింది. మా ఇంట్లో చాచాకు గ్లాసు వేరు. ఆయన కొట్టిన వరఖు మాత్రం దేవుడి నైవేద్యం మీద మెరవాలి!

పండుగ ముందురోజు దుకాణం నిండా జనం. చాచా మా గ్లాసుతో నీళ్ళు ముంచుకున్నాడు. బాపు అరిచాడు. "నీ గ్లాసు గాడుంది గదా గౌస్! కండ్లు కనబడ్తలేవా?"

నేను ఊరుకోలేదు. "అన్నీ గవే పరమాణువులు బాపూ! గ్లాసుకు అంటైతే, తోలు నడుమ కొట్టిన వరఖు దేవునికెట్ల పెడ్తవ్?"

"తోలా?" ఒకావిడ చేతిలోని పొట్లం వదిలేసింది. "ఏంది సేటూ, గిన్నొద్దులు మాకు తోలు తగిలింది తినిపిచ్చినవా?"

"నాకేం ఎర్క అక్కా... గంతా గౌసే చేసిండు!"

ఏళ్ళ తరబడి ఆ పుస్తకాన్ని రోజూ చూసిన మా బాపు అన్న మాట అది. సాయంత్రానికల్లా చాచాను పనిలోంచి తీసేశాడు. వెళ్తూ చాచా నాతో, "మంచిగ చదువుకో బేటీ" అన్నాడు... అంతే.

ఆయన కూతురు రహీమా నా పక్క బెంచీ. బడి మానేసి గాజులకు రాళ్ళు అతికే పనిలో చేరింది. వెతుక్కుంటూ పోతే తలెత్తకుండానే అంది: "నువ్వు మస్తు మాట్లాడినవంట గదా. మా ఇంట్ల పొయ్యి మండుతలేదు."

ఇప్పుడు వరఖు యంత్రాల మీద వస్తోంది, డబ్బా మీద శాకాహారమనే పచ్చ చుక్కతో. పరమాణువును కూడా పగలగొట్టారని కాలేజీలో చదివాను. మా అంటు మాత్రం చెక్కుచెదరలేదు... దాన్ని నిలదీసింది నేను, కూడు పోయింది చాచాకు.

నేనన్నది తప్పని ఇప్పటికీ అనను. కానీ సాటి అభ్యుదయవాదులారా, లైకులు తర్వాత... మీరు నెగ్గిన వాదనకు మూల్యం ఎవరు చెల్లించారో, వాళ్ళ పేరు కింద కామెంట్లో రాయండి.