పళసు మావు కాదు, కనరెక్కిన మావు

1981. పుదుచ్చేరిలో ఒక రోలర్ ఫ్లోర్ మిల్లు ల్యాబులో నేను అసిస్టెంట్ కెమిస్టును. గోధుమల లారీ దిగిన దగ్గర్నుంచి పిండి బస్తా కుట్టేదాకా పరీక్షలన్నీ నావే. గ్లూటెన్ చూడాలి, అంటే పిండికి సాగుడునిచ్చే జిగురు. యాష్ చూడాలి, అంటే పిండిని కాల్చితే మిగిలే బూడిద. పొట్టు ఎంత కలిసిందో అది చెబుతుంది. బీయెస్సీ చదివి కొత్తగా చేరినవాణ్ణి. నాకు తెలియని గోధుమ లేదన్న పొగరు దండిగా ఉండేది.

ఒకరోజు పొద్దున్నే మంగమ్మక్క టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చింది. ఇందిరా నగర్‌లో మెస్ నడిపేది. సాయంత్రం పూట చపాతీ, కుర్మా పెట్టేది. మా మిల్లు పిండే వాడేది. కొన్నాళ్ళుగా మధ్యాహ్నం కలిపిన పిండి సాయంత్రానికి మట్టిరంగుకు తిరుగుతోందట. నిన్నటి ముద్ద కలిపేస్తోందని తినేవాళ్ళకు అనుమానం. ఒక పెద్దాయన "పళసు మావు" అని మొహానే అని, ఆకు ముందునుంచి లేచిపోయాడట. పళసు అంటే అరవంలో పాతది. మావు అంటే పిండి, మా ఇళ్ళ తెలుగులోనూ అదే మాట. ఆయన వెనకే సగం మంది మానేశారు. ఇంకో నెల ఇట్లాగే ఉంటే పొయ్యి ఆర్పేసుకోవాల్సిందే అంది. శుభ్రతకు పేరుపడ్డ మనిషి ఆమె.

మా పిండికి పరీక్షలన్నీ చేశాను. ఒక్క వంకా దొరకలేదు. ఇంకేం, కొన్న పార్టీ పాత పిండి కలిపింది అని ఫిర్యాదుల రిజిస్టరులో ఇంగ్లీషులో రాసేసి, ఆ సంగతి కాస్త మర్యాదగా ఆమెకు చెప్పాను.

అక్క కోపం తెచ్చుకోలేదు. డబ్బాలోంచి తెల్లారకముందే కలిపిన ముద్ద తీసి నా బల్ల మీదే రెండుగా విరిచింది. పైన మట్టిరంగు, లోపల తెలుపు.

"పళసైతే లోపల గూడా చెడాల గదా తమ్ముడూ. వాసన జూడు, పులుపేమన్నా ఉండాదా? గాలి తగిలిన చోటే తిరిగింది. వంకాయ కోసి పెడితే కనరెక్కతాది చూడు, ఇదీ అట్లనే కనరెక్కింది."

ఆ మాట వినగానే నా మొహం మాడిపోయింది. కోసిన వంకాయను నల్లబరిచేది పాలీఫీనాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము. అది గోధుమలోనూ ఉంటుంది, ఎక్కువగా పొట్టులో. కొన్ని రకాల్లో మరీ ఎక్కువ. నీళ్ళూ గాలీ తగిలితే పని మొదలుపెడుతుంది. పరీక్షలో ఇదంతా రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే, ముద్ద కళ్ళెదుట ఉంటే గుర్తు రాలేదు. ఏ పుస్తకమూ చదవని అక్క వంకాయతో పోల్చి పట్టేసింది.

ల్యాబులో దాచిన నమూనాల్లోంచి పాత సరుకు గింజలూ ఈమధ్యే దిగిన కొత్త సరుకు గింజలూ తీసి నానబెట్టి, ఫీనాల్ ద్రావణంతో తడిపిన కాగితాల మీద పరిచాను. ఆ ఎంజైము ఎక్కువున్న గింజ ఫీనాల్‌కు నల్లబడుతుంది. అక్క కదలకుండా కూర్చుంది. సాయంత్రానికి పాతవి లేత రంగులోనే ఉన్నాయి, కొత్తవి బొగ్గులయ్యాయి.

మేనేజరు ఆ సరుకును చపాతీ పిండికి వాడొద్దని ఆపించి, తప్పు గోధుమది అని టైపు చేయించి ఇచ్చాడు. అక్క ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది.

"దీన్ని యాడ పెట్టుకునేది తమ్ముడూ? నువ్వే వచ్చి జెప్పు."

మర్నాడు సాయంత్రం మెస్‌కు వెళ్ళాను. ఆ పెద్దాయన్ను కూడా అక్క పిలిపించింది. అందరి ముందూ ముద్ద విరిచి చూపించి, అరవంలో సంగతంతా చెప్పాను. బాగానే చెప్పాననుకుంటుంటే పెనం దగ్గర్నుంచి అక్క గొంతు వినిపించింది.

"ముందు నువ్వేం రాసినావో అది గూడా జెప్పు."

తల వంచుకుని చెప్పాను. నేనూ పళసు మావు అనే రాశానని, అది తప్పని. తర్వాత ఆ పెద్దాయన ఆకు ముందు కూర్చుని రెండు చపాతీలు అడిగాడు.

ఆమె అంటే నాకు ఇప్పటికీ గౌరవమే. ఆ తర్వాత ఎవరు ఫిర్యాదుతో వచ్చినా, వాళ్ళు దాన్ని ఏ మాటతో చెబుతున్నారో ముందు అడిగేవాణ్ణి, పరీక్షలు ఆ తర్వాతే. మెస్‌కు వెళ్ళొచ్చిన మర్నాడే రిజిస్టరు తెరిచి నా వాక్యం కొట్టేసి, పక్కన కనరు అని రాశాను. ఆ ఇంగ్లీషు రిజిస్టరు మొత్తంలో తెలుగు మాట అదొక్కటే.