అడుగున దాచిన పచ్చి కొమ్ములు

నవ్వించబోయి ఇంటిల్లిపాదినీ ఏడిపించిన మొనగాణ్ణి చూడాలంటే మీరెక్కడికీ పోనక్కర్లేదు, నేనే. తొంభైల మొదట్లో ఆర్మూరులో డిగ్రీ చదువుతూ, ఇంటి సంగతులతో ఓ వారపత్రికకు హాస్యవ్యాసం రాశాను. మా నాయిన బాగా ఎండిన పసుపు కొమ్ములు కుప్ప మీద పరిచి, పచ్చివి అడుగున దాస్తాడని అందులో రాశాను. శుద్ధ అబద్ధం. ఆయన కొమ్ము విరిచి చూసి, ఫట్‌మని చప్పుడొస్తేనే సంచికెత్తే మనిషి. కానీ అది రాస్తే ఎవరు నవ్వుతారు చెప్పండి? పేరు మార్చాలన్న తెలివి కూడా లేకపోయింది. ఊరి పేరుతో సహా అచ్చయింది.

నేనింకా కాలరెగరేసుకుని తిరుగుతుండగానే మా పసుపు మార్కెట్ యార్డుకు చేరింది. తొమ్మిది నెలల పంట. ఆకాశం నిండా మబ్బులు. వాన రాకముందే అమ్ముడుపోవాలి.

ఖరీదుదారు మా కుప్ప దగ్గర ఆగి, కొమ్ము ముట్టకుండా నాయిన మొహం చూసి నవ్వాడు.

"పేపర్ల వడ్డది నువ్వేనా పెద్దమనిషీ? జర అడుగున జూపియ్యి."

"అడుగున ఏముంటది సేటూ? మీదున్నదే ఉంటది," అన్నాడు చదువు రాని మా నాయిన.

తోడి చూశారు. బాగానే ఉంది.

"ఇంకా అడుగున వెట్టినట్టుండు," అన్నాడు వెనకనుంచి ఇంకో ఖరీదుదారు.

నాయిన వెనకే ఉన్న నేను ముందుకు దూకాను. "గది నవ్వులకు నేనే రాసిన సేటూ. అబద్ధం," అని మొత్తుకున్నాను.

"కొడుకన్నంక గట్లనే అంటడు," అన్నాడు మొదటి ఖరీదుదారు.

కుప్పంతా తిరగేసి యార్డు నిండా పరిచారు. ఒక్క పచ్చి కొమ్ము దొరకలేదు. దొరకనందుకు అనుమానం ఇంకా ముదిరింది. ఆ తర్జనభర్జన తెగకముందే వాన దంచికొట్టింది. మా దగ్గరున్న ఒక్క టార్పాలిను కుప్పకు సరిపోతుంది గానీ, యార్డుకు సరిపోతుందా? పసుపు నీళ్లు మా కాళ్ల మధ్యనుంచే మోరీలోకి పోయాయి. సిగ్గులేకుండా ఏడ్చాను.

వాన తగ్గాక నాయిన తడిసిన కొమ్మొకటి తీసుకుని అడిగాడు.

"గా పేపర్ల ఏం రాసినవ్‌రా?"

చెప్పాను. ఆయన కొమ్మును విరవబోయాడు. వంగింది గానీ విరగలేదు.

"ఇగ ఫికర్ జెయ్యకు కొడుకా. ఇప్పుడు నువ్వు రాసింది నిజమే అయింది."

తిట్టినా బాగుండేది. ఆ తడిసిన పసుపు మీద చెయ్యి వేసి, నవ్వుల కోసం ఇంకొకరిని బజారున పెట్టనని ఒట్టేసుకున్నాను. అప్పట్నుంచి నా రాతల కుప్పలో నేనొక్కణ్ణే ఉంటున్నాను. మీరెంత అడుగుకు తోడుకున్నా అభ్యంతరం లేదు.