కుట్లు ఆరని గుండు

షిఫ్టు దిగి బస్సెక్కగానే వెనక సీటువాడు నా బట్టతల మీద తబలా వాయించేవాడు. రోజూ అదే పని. ఒకనాడు క్యారేజీతో వాడి మూతి మీద కొట్టాను. పన్ను ఊడి చొక్కా అంతా రక్తమైంది. నాకేమీ జాలి కలగలేదు. స్టీల్ ప్లాంటులో ఫర్నేసు దగ్గర నా ఉద్యోగం. ముప్పై దాటకముందే నడినెత్తి దాకా ఖాళీ అయిపోయింది. హెల్మెట్ తినేసిందనేవారు అందరూ. పెళ్ళిచూపులకు వెళ్తే పిల్ల నా మొహం కంటే ముందు నెత్తి చూసేది.

నాకంటే మా నాన్నకు రోషం ఎక్కువ. "నీ నెత్తి మీద జుట్టు సూసే సస్తాన్రా" అనేవాడు. సీతమ్మధారలో జుట్టు నాటే క్లినిక్ కొత్తగా పెట్టారని ఎలమంచిలిలో ఉండే ఆయనే ఆరా తీశాడు. ఆయనే నన్ను వెంటబెట్టుకుని వెళ్ళాడు.

బోర్లా పడుకోబెట్టి నెత్తి నిండా మత్తు సూదులు గుచ్చారు. ఒక్కో సూదీ పుర్రెలోకి దిగినట్టుండేది. తర్వాత తల వెనక, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా చర్మాన్ని పట్టీలా కోసి తీశారు. నొప్పి తెలియలేదు గానీ కత్తి కోస్తున్న చప్పుడు లోపలికి వినిపించింది. పక్క బల్ల దగ్గర ఇద్దరు ఆ పట్టీలోంచి వేర్లు విడదీస్తుంటే, డాక్టరు నా ముందునెత్తి మీద గాట్లు పెట్టి, వరి నాట్లేసినట్టు ఒక్కొక్కటే గుచ్చాడు. చెంపల మీదుగా రక్తం కారుతోంది. ఆయన్ని ఒక్క తన్ను తన్ని లేచిపోదామనిపించింది. బయట బెంచీ మీద నాన్న ఉన్నాడని పళ్ళు బిగబట్టి పడుకున్నాను.

"పది రోజులు నెత్తి మీద చెయ్యి పడకూడదు. గాట్ల మీద కట్టే చెక్కులు గిల్లారంటే వేరుతో సహా ఊడొస్తాయి, ఇక మొలవవు" అన్నాడు డాక్టరు. నాన్న ఆ మాటలు దారంతా నాకు అప్పజెప్పాడు.

మర్నాడు నాన్న ఇంటి అరుగు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. గుండె ఆగిపోయింది.

కొరివి పెట్టింది నేనే. మా ఇళ్ళలో కొరివి పెట్టినవాడికి మూడో రోజు, చిన్నకర్మ నాడే గుండు. పెరట్లో నూతి దగ్గర మంగలి కత్తి సిద్ధం చేస్తుంటే, నేను క్లినిక్‌లో ఇచ్చిన టోపీ తియ్యనన్నాను.

"ఏటిరా, జుట్టు కోసం నాన్న కర్మ ఆపేత్తావా?" అన్నాడు చిన్నాన్న.

"కుట్లింకా ఆరలేదు చిన్నాన్నా. నెల పోయాక గొరిగించుకుంటాను."

ఆయన నా టోపీ లాగేశాడు. నెత్తి నిండా నల్లటి చెక్కులు చూసి మంగలి "నా వల్ల కాదు బాబూ" అని వెనక్కి జరిగాడు. నేను చిన్నాన్న దవడ మీద గుద్దాను. ఆయన బురదలో పడ్డాడు. ఆయన కొడుకులిద్దరూ నా చేతులు విరిచి, వీపు మీద మోకాళ్ళు పెట్టి తొక్కారు. చిన్నాన్న లేచి కత్తి తనే అందుకున్నాడు. చెక్కులు పరపరా లేచిపోయాయి. కుట్టు తెగి వెచ్చటి రక్తం మెడలోకి కారింది. చంపేస్తానని అరిచాను. చెయ్యి వదిలి ఉంటే చంపేవాణ్ణే.

తలమీద నీళ్ళు కుమ్మరించి, రక్తం ఆగకుండానే నా చేత గోడ మీద అన్నం ముద్ద పెట్టించారు. ములగచెట్టు మీద కాకి కదల్లేదు. పోయినవాడికి తీరని కోరికుంటే కాకి ముట్టదంటారు, తీరుస్తామని మాటిస్తే దిగుతుందంటారు. "వదిన్ని మేం సూసుకుంటాం అన్నయ్యా" అన్నాడు చిన్నాన్న. "మన పొలం గట్టు తగువు మానేత్తాం" అన్నాడు. కాకి అటు తిరిగి కూర్చుంది.

పెరటి గుమ్మంలో కూలబడి ఉన్న అమ్మ లేచొచ్చి చిన్నాన్న చెంప ఛెళ్ళుమనిపించింది.

"కొడుకు నెత్తి మీద జుట్టు సూడాలని కలవరించి సచ్చాడు మీ అన్న. అది కాస్తా గీకేసి, ఇంకేటి కావాలని అడుగుతన్నావ్?"

అమ్మ నా వైపు తిరిగింది.

"వస్తాదని సెప్పరా. నువ్వు సెప్తే ఇంటాడు."

కింద బురదలో చెక్కులు పడున్నాయి, వేర్లతో సహా. అవిక మొలవవని నాకు తెలుసు.

"వస్తాది నాన్నా. జుట్టొస్తాది" అన్నాను.

కాకి దిగి ముద్ద తినేసింది. నాన్న నమ్మేశాడు.