ముందే చెబుతున్నా మాస్టారు

కాలేజీలో కథలు చెప్పే మాస్టారికి ఒక్కటే జబ్బు. ముందు హెచ్చరించందే దేన్నీ మొదలుపెట్టరు. పాఠంలో పాము వస్తే చెబుతారు, కుర్చీ కిర్రుమంటే చెబుతారు. ఇంట్లో “ముందే చెబుతున్నా, ఈ మాటకి నీకు కోపం రావచ్చు” అంటే, భార్య ఆ మాటేదో వినకుండానే కోపం తెచ్చుకుని వంటింట్లోకి వెళ్లిపోతుంది. కాలేజీ పిల్లలు ఆయనకి ‘ముందే చెబుతున్నా మాస్టారు’ అని పేరు పెట్టేశారు.

ఈ జబ్బు చివరికి ప్రిన్సిపాల్ మేడమ్ నెత్తికి చుట్టుకుంది. తోటి లెక్చరర్లు చెవిలో జోరీగల్లా పోరుపెట్టారు. “కథ మొదలెట్టకముందే ముగింపు చెప్పేస్తారు. సగం క్లాసు క్యాంటీన్‌లో ఉంటుంది. ఇంకా చర్చేముంటుంది మేడమ్?”

ఒకసారి కళ్లారా చూసి ఆ క్లాసు ఇంకొకరికి అప్పగిద్దామని, మేడమ్ వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నారు. మాస్టారు గొంతు సవరించుకున్నారు.

“ముందే చెబుతున్నా. ఈ కథలో వాన పడుతుంది. ఒక తండ్రి చనిపోతాడు. ఒక పిల్లి తప్పిపోతుంది. చివర్లో ఒకాయన గట్టిగా తుమ్ముతాడు. ఇబ్బంది అనుకున్నవాళ్లు మంచినీళ్లు తాగి రావచ్చు. ఎందుకని ఎవరూ అడగరు.”

“నాకు తుమ్ములంటే భయం సార్,” అంటూ ఒకడు లేచాడు. “మా ఇంట్లో పిల్లి ఉంది సార్, తట్టుకోలేను,” అని ఇంకొకడు. నవ్వుకుంటూ వెళ్లే ఆ గుంపులో తలొంచుకుని ఒక అమ్మాయి కూడా వెళ్లింది. మేడమ్‌కి ఒళ్లు మండిపోయింది.

అయితే ముగింపు తెలిసిపోయాక ఏం జరుగుతుందోనన్న ఆత్రం ఎవరికీ మిగల్లేదు. కథ చదవడం కాగానే, ఎందుకలా జరిగిందని పోట్లాటకి దిగారు.

“తండ్రి పోతే కంట చుక్క రాలేదు, పిల్లి తప్పిపోతే బావురుమన్నాడు. వాడూ ఒక కొడుకేనా?” అంది ముందు బెంచీ పిల్ల.

“ఏడుపు అప్పుడే రాదు,” అని గుమ్మంలోంచి వినబడింది. ఇందాక తలొంచుకుని వెళ్లిన అమ్మాయి. ఎంతసేపటి నుంచి నిలబడి వింటోందో. “ఇంటినిండా చుట్టాలుంటారు, పనులుంటాయి. తర్వాతెప్పుడో నాన్న చెప్పులు కనబడితే వస్తుంది. వీడికి పిల్లి పోయినప్పుడు వచ్చింది, అంతే.”

ముందు బెంచీ పిల్ల పక్కకి జరిగి చోటిచ్చింది.

“లోపలికి రామ్మా,” అన్నారు మాస్టారు. “ముందే చెబుతున్నా, ఫ్యాను కింద కూర్చుంటే కాగితాలెగిరిపోతాయి.”

క్లాసయ్యాక వరండాలో మేడమ్ ఆయన్ని ఆపారు. “తుమ్ముకి కూడా హెచ్చరికేంటి మాస్టారూ?”

“ఆ పిల్ల తండ్రి ఈమధ్యే పోయాడు మేడమ్. చావు ఒక్కటే చెబితే క్లాసంతా ఆ పిల్ల మొహమే చూస్తుంది. ఇంక కూర్చోనూ లేదు, లేవనూ లేదు. పిల్లులూ తుమ్ములూ కలిపితే ఎవరు దేనికి లేచారో ఎవరికి తెలుస్తుంది?”

“కథలో ఆ తుమ్ము ఎక్కడా రాలేదే?”

“లేదండీ. అది నేను కలిపాను.”

తను ఏ పని మీద వచ్చారో తలచుకుని మేడమ్ సిగ్గుపడ్డారు. క్లాసు సంగతి మళ్లీ ఎత్తలేదు.

ఆ వారం స్టాఫ్ మీటింగులో ఆవిడ గొంతు సవరించుకున్నారు. “ముందే చెబుతున్నా. ఇవాళ పరీక్ష డ్యూటీల మాట వస్తుంది. ఇబ్బంది అనుకున్నవాళ్లు మంచినీళ్లు తాగి రావచ్చు.”

అందరికంటే ముందు లేచింది మాస్టారే. ఎందుకని ఎవరూ అడగలేదు.