చివరి నాలుగు ఆకులు

దయ్యాలంటే నవ్వేవాణ్ణి. ఇప్పటికీ శ్మశానం పక్కనుంచి ఈల వేసుకుంటూ పోగలను. కానీ మా ఇంట్లో ఉన్న తాటాకుల కట్ట విప్పాలంటే మాత్రం చెయ్యి ఆడదు.

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ కడుతున్న రోజులవి. మిషన్లు బిగించే జర్మనీ ఇంజనీరు దగ్గరికి ఆయన అన్న వచ్చాడు. తమ దేశంలో ముప్పై ఏళ్ళు పెద్ద గ్రంథాలయం చూసుకున్న పండితుడు. సంస్కృతం, తెలుగు బాగా వచ్చు. భార్య యూదురాలని అక్కడి కొత్త సర్కారు కొలువు ఊడబీకింది. ఆ దిగులుతోనే ఆమె పోయిందట. ఇక్కడ ఊరూరా తిరిగి తాటాకు పుస్తకాలకు పట్టిక రాసుకునేవాడు. ఆ దొరకు నేను తోడు తిరిగేవాణ్ణి.

"ఒక్క తప్పు దొరికినను నా ముప్పది సంవత్సరములూ తప్పే అందురు" అనేవాడు, పుస్తకాల తెలుగులో. ప్రతి కట్టనూ మూడుసార్లు లెక్కపెట్టేవాడు. నాకు విసుగొచ్చేది.

ఒకరోజు రెంజల్‌లో మా ఇంటికి తీసుకుపోయాను. మా బాపు ఎద్దుల వైద్యం పుస్తకానికి నకలు రాస్తూ, అది పూర్తికాకుండానే కన్నుమూశాడు. ఆయన చూసి రాసిన పాత ప్రతిని తర్వాత చెదలు తినేశాయి. మిగిలిన భాగం తెలిసినవాళ్ళు లేరు.

"పూర్తి జేస్తనని గురువుకు మాటిచ్చిండు బిడ్డా. సగంల ఇడిసిపెట్టి పోతే గాయన పానం యాడ నిమ్మళముంటది?" అని అమ్మ కళ్ళు ఒత్తుకుంది.

గంటంతో గీసిన అక్షరాలు మసి రుద్దితేగానీ సరిగా కనబడవు. దొర చివరి నాలుగు ఆకులకూ తానే మసి రుద్ది, గుడ్డతో తుడిచి, ఎండకు పట్టి చూశాడు. నేనూ చూశాను. ఒక్క గీత లేదు. "చివరి నాలుగు ఆకులు ఖాళీ" అని అట్టముక్క మీద పెన్సిల్‌తో రాసి కట్టలో పెట్టాడు. అమ్మ కట్టను సందుకలో పెట్టి తాళం వేసి, చెవి కొంగున కట్టుకుంది.

ఆ వానాకాలమే దొర బొంబాయిలో జ్వరంతో పోయాడని ఆయన తమ్ముడు ఇంజనీరు చెప్పాడు. పట్టిక అచ్చు కాలేదు. నాకు నిజంగా ఏడుపొచ్చింది. అట్టముక్క మీది ఆయన రాత ఒకసారి చూసుకుందామని, పట్టపగలే అమ్మతో సందుక తెరిపించాను.

నాలుగు ఆకులూ నిండా రాసి ఉన్నాయి. బాపు రాతే. కొమ్ము పైకి లాగి రాయడం ఆయన అలవాటు, అదీ ఉంది. చివర సమాప్తమని, కింద ఆయన పేరు.

"ఏమున్నది బిడ్డా?" అంది అమ్మ. ఆమెకు చదువు రాదు.

"పుస్తకం అయిపోయిందే అమ్మా."

"అయితే ఇగ నిమ్మళం" అని అక్కడే గోడకు ఆనుకుని కూలబడింది.

నాకు గంటం పట్టడం రాదు. తాళంచెవి అమ్మ కొంగు దాటలేదు.

అట్టముక్క ఇంకా కట్టలోనే ఉంది. దిద్దుదామని రెండుసార్లు పెన్సిల్ పట్టుకున్నాను. దిద్దితే దొర తప్పు రాసినట్టు. దిద్దకపోతే బాపు రాయనట్టు. ఇద్దరిలో ఎవర్ని కాదనాలో తెలియక, రెండుసార్లూ పెన్సిల్ కింద పెట్టేశాను.